మడత కవర్ కింద నీళ్ళు: సిలికాన్ ట్యూబు తెచ్చే ముందు రెయిల్స్ కొలవండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. పికప్ వెనక సరుకు వేసే తొట్టి (బెడ్) మీద హార్డ్ ట్రై-ఫోల్డ్ కవర్, అంటే మూడు గట్టి పలకలుగా (ప్యానెళ్ళుగా) మడిచే మూత, వేసి రెండు నెలలు, వాన పడితే క్యాబిన్ వైపు రెండు మూలల్లో తడి, వెనక తలుపు టెయిల్‌గేట్ దగ్గర చిన్న మడుగు, ఎడమ వైపు లాచ్ (గడియ) చేత్తో గట్టిగా అదిమితే గానీ పడట్లేదు, బిగించిన షాపు వాళ్ళేమో చుట్టూ సిలికాన్ కొట్టేద్దాం అంటున్నారు, మీకేమో కవరే డిఫెక్ట్ పీసేమో అని అనుమానం. పద్నాలుగేళ్ళుగా ఈ కవర్లు బిగిస్తూ, వేరేవాళ్ళు బిగించినవి విప్పి మళ్ళీ బిగిస్తూ ఉన్నాను కాబట్టి చెప్తున్నా, సిలికాన్ వద్దు, కవర్ వాపస్ ఇవ్వడం కూడా ఇప్పుడే వద్దు. ఆ ఎడమ లాచ్ సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే అదే పెద్దగా కనిపించింది. లాచ్ కష్టంగా పడుతోందంటే ప్యానెల్ కూర్చోవాల్సిన చోట కూర్చోవట్లేదన్నమాట, ప్యానెల్ సరిగ్గా కూర్చోకపోతే కింద ఉన్న బీడింగ్, అంటే నీళ్ళు ఆపే మెత్తటి పట్టీ, ఒక పక్క నలిగిపోతుంది ఇంకో పక్క తేలిపోతుంది, తేలిన చోట నీళ్ళు దిగుతాయి. మీకున్నవి మూడు సమస్యల్లా కనిపిస్తున్నాయి గానీ చాలావరకు ఒకటే అయ్యుంటుంది.

అసలు పని మొదలుపెట్టే ముందు ఒకటి తెలుసుకోవాలి. పికప్ బెడ్ అనేది నీళ్ళు ఆపడానికి కట్టింది కాదు, నీళ్ళు బయటికి పోవడానికి కట్టింది. టెయిల్‌గేట్‌కీ బెడ్ ఫ్లోర్‌కీ మధ్య కావాలనే గ్యాప్ ఉంచుతారు, పక్కల్లో కూడా ఉంటుంది, ముందు గోడ మూలల్లో రేకులు కలిసే చోట సందులుంటాయి, సైడ్ గోడల పైన కర్రలు నిలబెట్టడానికి వదిలే స్టేక్ పాకెట్ కన్నాలుంటాయి, ఫ్లోర్‌లో కూడా కొన్ని కన్నాలుంటాయి. వీటన్నిటి మీద పైన ఒక మూత పెట్టి కారు డిక్కీలాగా పొడిగా ఉండాలంటే కుదరదు. అందుకే కంపెనీలు కూడా ఎక్కువగా నీటిని తట్టుకుంటుంది అని రాస్తాయే గానీ చుక్క రాదు అని రాయవు. నా లెక్కలో గట్టి వాన తర్వాత మూలల్లో చెంచాడు తడి ఉంటే అది మామూలే, దాని గురించి నిద్ర పాడు చేసుకోవద్దు. మడుగు కట్టిందంటే మాత్రం ఎక్కడో బిగింపులో తేడా ఉంది, అది సరిచేయగలిగిందే.

ఇంకోటి, నీళ్ళు కనిపించిన చోటు నుంచే నీళ్ళు వచ్చాయని అనుకోవద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ముందు మూలలో దిగిన నీరు బెడ్ ఫ్లోర్ మీద గాడుల వెంట జారి వెనక్కి వచ్చి టెయిల్‌గేట్ దగ్గర నిలుస్తుంది, మీరు వెనక బీడింగ్ మార్చి మార్చి విసిగిపోతారు. బండి ఎటు వాలుగా నిలబెట్టారనేది కూడా చూడాలి, ముక్కు పైకి ఉంటే నీళ్ళన్నీ వెనక, ముక్కు కిందికి ఉంటే అన్నీ ముందు. కాబట్టి ఈ పరీక్ష మొత్తం సమతలంగా ఉన్న చోటే చేయండి.

ముందు అది లీకా కాదా తేల్చుకోవాలి. వాన పడని రోజు పొద్దున్నే కవర్ తెరిచి కింది వైపు చూడండి. ప్యానెల్ అంతటా సన్న చుక్కలు సమానంగా పట్టి ఉంటే అది లీకు కాదు, లోపలి తేమ. అల్యూమినియం ప్యానెల్ రాత్రి తొందరగా చల్లబడుతుంది, బెడ్ లోపల తడి గుడ్డో తడి తాడో ఉంటే ఆ ఆవిరంతా పోయి ప్యానెల్ కింద చెమ్మగా పడుతుంది, పొద్దున్నకి చుక్కలు రాలతాయి. దీనికి ఏ బీడింగూ పనిచేయదు, ఎండ ఉన్న రోజు కవర్ మడిచి బెడ్ పూర్తిగా ఆరబెట్టాలి, అంతే. అలా కాకుండా అంచుల వెంట చారలు చారలుగా మట్టి గీతలు కనిపిస్తే అది బయటి నీరే, ఆ గీత పైకి ఎక్కడ మొదలైందో చూడండి, దారి అదే.

తర్వాత లైటు పరీక్ష. చీకటి పడ్డాక బెడ్‌లో ఒక మంచి టార్చి లైటు వెలిగించి పెట్టి కవర్ మూసి, టెయిల్‌గేట్ మూసి, బయట చుట్టూ తిరిగి చూడండి. వెలుతురు బయటికి వచ్చిన ప్రతి చోటూ నీళ్ళు లోపలికి రాగలవు. మార్కింగ్ టేపు ముక్కలు పట్టుకుని తిరగండి, కనిపించిన చోటల్లా అంటించండి, లేకపోతే పొద్దున్నకి మర్చిపోతారు. కానీ వెలుతురు రాలేదు కాబట్టి నీరు రాదని కాదు, చాలా సన్న సందులోకి నీరు పాకి పోతుంది, వెలుతురు వంపు తిరగలేదు గానీ నీరు తిరుగుతుంది. దానికి కాగితం పరీక్ష ఉంది. ఒక కాగితం పట్టీని బీడింగ్‌కీ బెడ్‌కీ మధ్య పెట్టి కవర్ మూసి లాచ్ వేసి కాగితం లాగండి. బిగుతుగా రావాలి. తేలిగ్గా జారి వచ్చేసిందంటే అక్కడ బీడింగ్ ఊరికే ఆనుకుని ఉంది గానీ నొక్కుకోలేదు. ప్రతి జానెడుకీ ఒకసారి అలా చుట్టూ చేయండి. మీ బండికి ఎడమ పక్క ముందు ప్యానెల్ దగ్గర బాగా బిగుతుగా, దాని ఎదురు మూల వదులుగా ఉంటుందని నా అంచనా.

ఇక నీళ్ళ పరీక్ష. బెడ్ ఆరబెట్టి ఫ్లోర్ మీద అంతటా పాత పేపర్లు పరిచి, గొట్టం పెట్టి మామూలు ధారగా వదలండి, నాజిల్ పెట్టి కొట్టొద్దు, ప్రెషర్ వాషర్ అయితే అసలే వద్దు, ఆ వేగానికి మంచి బీడింగ్ కూడా తలొంచుతుంది, పైగా అంటించిన పట్టీ లేచిపోతుంది. ఒకేసారి అంతా తడిపేస్తే ఏమీ తెలియదు. కింది నుంచి పైకి రావాలి, మొదట టెయిల్‌గేట్ చుట్టూ నాలుగైదు నిమిషాలు, తెరిచి పేపర్ చూడండి. తడి లేకపోతే ఒక పక్క రెయిల్ (సైడ్ గోడ వెంట బిగించిన, కవర్ కూర్చునే పట్టా), మళ్ళీ చూడండి, తర్వాత రెండో పక్క, తర్వాత ప్యానెళ్ళ మధ్య కీలు దగ్గర, చివరికి క్యాబిన్ వెనక అద్దం మీద పోసి అది సందులోకి జారనివ్వండి. ఆ చివరిది చాలామంది చేయరు, వానలో అద్దం మీద పడిన నీళ్ళన్నీ జారి బెడ్ ముందు గోడ పైకే వస్తాయి కాబట్టి ముందు మూలలకి అసలు పరీక్ష అదే. ఒక గంట పోతుంది, కానీ ఆ గంట తర్వాత మీరు ఊహల మీద పని చేయరు.

ఇప్పుడు అసలు విషయం, రెయిల్స్. నా దగ్గరికి లీకు అని వచ్చిన మడత కవర్లలో సగానికి పైగా కవర్ బాగానే ఉంటుంది, రెయిల్స్ వంకరగా ఉంటాయి. బెడ్ రెండు సైడ్ గోడలూ కచ్చితంగా సమాంతరంగా ఉంటాయని అందరూ అనుకుంటారు, ఉండవు, మధ్యలో కొద్దిగా బయటికి ఉబ్బి ఉండటం మామూలు, బరువులు మోసిన బండి అయితే ఇంకా ఎక్కువ. బెడ్ గోడని నమ్ముకుని రెయిల్ బిగిస్తే రెయిల్ కూడా ఆ ఉబ్బే తీసుకుంటుంది. ప్యానెల్ మాత్రం నిక్కచ్చిగా నలుచదరం. అందుకే గోడని కాకుండా రెయిల్‌ని రెయిల్‌తో కొలవాలి. కవర్ మడిచి పక్కన పెట్టి రెండు రెయిల్స్ మధ్య దూరం ముందు, మధ్య, వెనక మూడు చోట్ల తీసుకోండి. తర్వాత ఎడమ రెయిల్ ముందు చివర నుంచి కుడి రెయిల్ వెనక చివరకి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి, మూల నుంచి మూలకి. ఈ రెండు కొలతలూ సమానంగా ఉండాలి. మూడు మిల్లీమీటర్ల తేడా వరకు నేను పట్టించుకోను. ఆరు దాటితే మాత్రం లాచ్ మొండికేస్తుంది, ఒక మూల బీడింగ్ తేలుతుంది, అంటే మీరు చెప్పిన లక్షణాలే. ఒక రెయిల్ ఇంకోదానికంటే కాస్త ముందుకో వెనక్కో జరిగిపోయి ఉంటుంది, కంటికి కనపడదు, టేపుకి దొరుకుతుంది.

సరిచేయడం కష్టమేం కాదు గానీ తొందర పనికిరాదు. రెయిల్‌ని బెడ్ గోడకి పట్టి ఉంచే క్లాంపులన్నీ వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు, రెయిల్ చేత్తో జరిగేంత వదులు చాలు. రెండు రెయిల్స్‌నీ ముందు గోడ వైపు ఒకే దూరంలో ఉండేలా జరపండి, కొలతలు కలిసేదాకా. తర్వాత కవర్ పరిచి, లాచ్‌లు వేసి, టెయిల్‌గేట్ మూసి, వెనక అంచుకీ టెయిల్‌గేట్‌కీ మధ్య గ్యాప్ రెండు పక్కలా ఒకేలా ఉందా చూడండి. కవర్ దాని చోటు అదే వెతుక్కుంటుంది, రెయిల్స్ దాన్ని అనుసరించాలి, ఈ ఒక్క వరస తిప్పి చేయడం వల్లే ఇన్ని ఇబ్బందులు. అప్పుడు ముందు క్లాంపుల నుంచి ఎడమ ఒకటి, కుడి ఒకటి అలా మార్చి మార్చి కొద్ది కొద్దిగా బిగించుకుంటూ వెనక్కి రండి. మీ కిట్‌తో వచ్చిన కాగితంలో వరస వేరేలా ఉంటే దాన్నే పాటించండి. చేతి స్పానర్ మాత్రమే వాడండి, ఇంపాక్ట్ గన్ పెట్టి బర్రుమని బిగిస్తే క్లాంపు కింది అంచు రేకుని లాగేసి రెయిల్ పైభాగం లోపలికి వాలిపోతుంది, అప్పుడు రెయిల్ కింది బీడింగ్ బయటి వైపు లేస్తుంది, ఎంత బిగిస్తే అంత కారుతుంది, అవతలివాడు ఇంకా బిగిస్తాడు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అల్యూమినియం బాడీ బండ్లలో ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, క్లాంపు పంటి గాటు పడిపోతుంది. స్టీలు బెడ్ అయితే క్లాంపు కొరికే చోట పెయింటు పోయి తుప్పు మొదలవుతుంది, అందుకే నేను ప్రతి క్లాంపు కింద మందపాటి టేపు ముక్క ఒకటి వేస్తాను.

బిగించిన రెండు మూడు వారాలకి ఒకసారి మళ్ళీ చూడాలి, ఎందుకంటే కొత్త బీడింగ్ నలిగి సర్దుకుంటుంది, క్లాంపులు కొద్దిగా వదులవుతాయి. ఇది చాలా షాపులు చెప్పవు. మీది రెండు నెలలు అంటున్నారు కాబట్టి కొలిచే ముందే ఒకసారి ప్రతి క్లాంపునీ చేత్తో కదిపి చూడండి.

రెయిల్స్ సరైన తర్వాత కూడా ముందు మూలలు తడుస్తుంటే అప్పుడు ముందు గోడ మీది పట్టీ చూడాలి. ఇది క్యాబిన్ వైపు గోడ పైన అడ్డంగా అంటించే మెత్తటి పట్టీ, దీని రెండు చివర్లూ రెయిల్ చివర్లతో కలిసే చోటే బలహీనం. పట్టీ రెయిల్‌ని తాకీ తాకనట్టు ఆగిపోయి ఉంటే అక్కడ చిటికెన వేలు పట్టేంత సందు మిగులుతుంది, మొత్తం లీకంతా ఆ రెండు సందుల్లోంచే. కొన్ని కిట్లలో దానికోసం ముద్దలాంటి పుట్టీ ఇస్తారు, చాలామంది అదేంటో తెలియక పెట్టెతో పాటు పారేస్తారు. మీ పెట్టె ఉంటే వెతకండి. లేకపోతే బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు పట్టీ) తెచ్చి చిన్న ముద్ద చేసి ఆ మూలలో నొక్కండి, అది గట్టిపడదు, రేపు తీసేయాలన్నా వచ్చేస్తుంది.

ఆ పట్టీ దేంతో చేశారో కూడా చూడండి. గిల్లి నీళ్ళలో ముంచి పిండితే స్పాంజిలా నీరు పీల్చేదైతే అది ఎన్నిసార్లు అంటించినా తడి మోస్తూనే ఉంటుంది. నీరు పీల్చని మూసిన రంధ్రాల ఫోమ్ గానీ, ఈపీడీఎం అనే ఎండావానా తట్టుకునే రబ్బరు గొట్టం పట్టీ గానీ వేయాలి. అంటించే ముందు తుడవడం దగ్గరే అంతా ఉంది, వ్యాక్స్ పాలిష్ కొట్టిన బండి మీద ఏ జిగురూ నిలవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు, శుభ్రమైన గుడ్డతో, ఆరాక వేలితో ముట్టుకోకుండా అంటించండి. బాగా చలిలో చేయొద్దు, 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉంటే ఆ జిగురు గాజులా గట్టిగా ఉండి పట్టదు. అంటించాక వేళ్ళతో పొడవునా గట్టిగా అదమండి, ఈ రకం టేపులు పూర్తి బలానికి రావడానికి 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా బండి కడగొద్దు.

టెయిల్‌గేట్ సంగతి వేరే. మీ మడుగు ముందు నుంచి జారి వచ్చిందే అయ్యుండొచ్చు అన్నాను కదా, నీళ్ళ పరీక్షలో టెయిల్‌గేట్ దగ్గర పోసినప్పుడే పేపర్ తడిస్తేనే దీని జోలికి రండి. కవర్ వెనక అంచు బీడింగ్ టెయిల్‌గేట్ పై అంచు మీద కూర్చోవాలి, చాలా మోడళ్ళలో ముందు గేటు మూసి తర్వాత కవర్ దించాలి, తిప్పి చేస్తే బీడింగ్ లోపలికి మడతపడిపోయి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్ళకి దాని రూపమే అదైపోతుంది. పక్కల్లోనూ కిందా ఉన్న గ్యాప్‌కి టెయిల్‌గేట్ సీల్ కిట్ అని విడిగా దొరుకుతుంది, గొట్టంలా ఉన్న రబ్బరు పట్టీ, బెడ్ స్తంభాల లోపలి వైపు అంటిస్తారు. దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్ళకి ఇది నీటి కంటే దుమ్ముకే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే బండి పరిగెత్తేటప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గి దుమ్మునీ తుంపర్లనీ లోపలికి లాగుతుంది. కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నా, పైన లీకు ఆగకుండా కింద టెయిల్‌గేట్ మూసేయొద్దు. వచ్చిన నీటికి పోయే పెద్ద దారి అదే, దాన్ని మూస్తే మీ చిన్న మడుగు తొట్టి అవుతుంది.

బెడ్ లైనర్, అంటే బెడ్ లోపల గీతలు పడకుండా వేసే పూత గానీ తొడుగు గానీ, ఉందో లేదో మీరు రాయలేదు. స్ప్రే లైనర్ అయితే పెద్దగా ఇబ్బంది లేదు, కాకపోతే పైఅంచు మీద గరుకుగా ఉంటుంది కాబట్టి సన్న బీడింగ్ ఆ గరుకు మీద పూర్తిగా అతుక్కోదు, కాస్త మందం ఫోమ్ కావాలి. పైఅంచు మీదుగా వచ్చే ప్లాస్టిక్ లైనర్ అయితే క్లాంపు రేకుని కాకుండా ప్లాస్టిక్‌ని పట్టుకుంటుంది, ప్లాస్టిక్ ఎండకి మెత్తబడుతుంది, బిగింపు పోతుంది, అక్కడ క్లాంపు కూర్చునేంత మేర లైనర్ కోయక తప్పదు. టొయోటా టకోమా లాంటి బండ్లకి బెడ్‌లో ఫ్యాక్టరీ నుంచే సరుకు కట్టుకునే ట్రాక్‌లు వస్తాయి, ట్రాక్ ఉన్న బెడ్‌కి ఒక క్లాంపు, లేనిదానికి ఇంకో క్లాంపు, పెట్టె మీద ఏది రాసుందో ఒకసారి సరిచూడండి. అలాగే బెడ్ పొడవు, ఐదున్నర అడుగులు అని పిలిచేది కొలిస్తే కచ్చితంగా ఐదున్నర ఉండదు, ఎఫ్-150 ది 67.1 అంగుళాలు, వేరే కంపెనీది వేరే. అందుకే బెడ్ సైజు పేరు చూసి కాకుండా బండి మోడల్ ఏడాది చూసి కొనాలి.

ప్యానెళ్ళ మధ్య కీలులోంచి కారడం హార్డ్ కవర్లలో తక్కువే. రబ్బరు కీలు చిరిగితే కనిపిస్తుంది, మడిచి వెలుతురుకి పెట్టి చూడండి. కొన్ని మోడళ్ళలో రెయిల్‌లోనే కాలువ ఉండి ముందు మూలలో సన్న గొట్టం ద్వారా నీరు కిందికి పోతుంది, అది ఉంటే ఆకులు ఇరుక్కున్నాయో, క్లాంపు కింద గొట్టం నలిగిందో చూడండి, ఒక గ్లాసు నీళ్ళు కాలువలో పోస్తే తెలిసిపోతుంది. మెత్తటి వినైల్ కవర్ల గొడవ ఇంకోటి, అవి చలికి బిగుసుకుని కురచవుతాయి, కుట్లలోంచి ఊరతాయి, మీది అది కాదు కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు సిలికాన్ ఎందుకు వద్దన్నానో. నా మొదటి పికప్‌కి నేను అదే చేశాను. లీకు ఎక్కడో వెతకలేదు, చుట్టూ రెయిల్ కింద వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ గీశాను, ఆ వానాకాలం బాగానే గడిచింది, నాకు చాలా సంతోషం వేసింది. రెండేళ్ళకి రెయిల్ తీయాల్సి వచ్చినప్పుడు చూస్తే కింద పెయింటు పొంగిపోయి తుప్పు, అల్యూమినియం రెయిల్ మీద తెల్లటి పొడి. ఆ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది లోహాన్ని తింటుంది. దానికి తోడు ఎక్కడో దూరిన నీరు సిలికాన్ గోడ వెనక చిక్కుకుని బయటికి రాలేదు. అన్నిటికంటే బాధ పెట్టింది ఏంటంటే సిలికాన్ గీకేసిన చోట కొత్త బీడింగ్ ఏదీ అంటుకోలేదు, కంటికి కనపడని పొర మిగిలిపోతుంది, ఆల్కహాల్‌కి కూడా పోదు. ఆ బెడ్ అంచు ఇప్పటికీ గుర్తొస్తుంది, అందుకే ఎవరైనా సిలికాన్ అనగానే నేను ఇంత పొడుగు రాస్తాను. ఎక్కడైనా సీలెంట్ తప్పదనుకుంటే ఆమ్లం వదలని న్యూట్రల్ రకం, అదీ ముందు గోడ రేకు అతుకు లాంటి చోట మాత్రమే, కవర్‌కీ రెయిల్‌కీ కాదు.

రబ్బరు బీడింగ్‌లకి గ్రీజు, వాసెలిన్, ఇంజిన్ ఆయిల్ రాయకండి, ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. సిలికాన్ స్ప్రే పరవాలేదు, అది ట్యూబులో వచ్చే సిలికాన్ కాదు, రెండూ ఒకటి కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు సబ్బు నీళ్ళతో తుడిచి కొద్దిగా స్ప్రే చేస్తే చాలు.

వాపస్ ఎప్పుడు ఇవ్వాలంటే, కొలతలు కలిశాక, క్లాంపులు సమంగా బిగించాక కూడా ప్యానెల్ ఒక మూల లేచే ఉంటే. కవర్‌ని విప్పదీసి చదునైన నేల మీద పరిచి చూడండి, అక్కడ కూడా మూల లేస్తే ప్యానెలే వంకర, అది మీరు బాగుచేసేది కాదు, ఫోటోలు తీసి వారంటీకి పంపండి. సిలికాన్ కొట్టి ఉంటే ఆ వారంటీ గురించి మాట్లాడటమే కష్టమవుతుంది, ఇంకా కొట్టించుకోలేదు కాబట్టి మీ చేతిలో ఆ దారి ఉంది.

ఈ ఆదివారం లైటు, కాగితం పరీక్షలు తర్వాత చేసినా పర్లేదు, ముందు ఒక టేపు తీసుకుని మూల నుంచి మూలకి రెండు కొలతలు తీయండి, పది నిమిషాల పని. తేడా ఆరు మిల్లీమీటర్లు దాటితే ఇంకేం వెతకకుండా నేరుగా రెయిల్స్ వదులు చేసి మొదలుపెట్టండి, లాచ్ వేలితో నొక్కితే పడేదాకా క్లాంపులు పూర్తిగా బిగించకండి.